‘ఓకే’ అన్న ఒక్క మాట: ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ మొదటి సీజన్ ముగింపు గురించి

‘ది లాస్ట్ ఆఫ్ అస్’ మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ చూశాక నిద్ర పట్టలేదని రాశారు. మీరు అడిగినవి నాలుగు. ఎల్లీ అనే పిల్లని కాపాడటానికి ఆసుపత్రిలో జోయెల్ చేసింది తప్పా ఒప్పా? అతను అడ్డుపడకపోతే జబ్బుకి మందు నిజంగా తయారయ్యేదా? ఆఖర్లో ఎల్లీ ‘ఓకే’ అంటుంది కదా, నమ్మి అందా, నమ్మకుండా అందా? ఇంత కథ నడిపి ఆ ఒక్క మాట మీద తెర నల్లగా చేసేశారేం, ఇంకో పది నిమిషాలు ఉండాల్సింది కాదా?

నేను పద్దెనిమిదేళ్లుగా టీవీ సీరియల్స్‌కి, ఈమధ్య వెబ్ సిరీస్‌లకి ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. ఈ కథ 2013 జూన్‌లో గేమ్‌గా వచ్చినప్పుడు మొదటి వారంలోనే ఆడాను. పదేళ్ల తర్వాత సిరీస్‌గా వచ్చినప్పుడు ఈ చివరి ఎపిసోడ్‌ని ఒక్క ఏడాదిలో ఐదారుసార్లు చూశాను. రెండుసార్లు కేవలం కట్స్ కోసం, ఒకసారి సౌండ్ పూర్తిగా ఆపేసి. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను. మొదటి సీజన్ కథంతా ఇందులో బయటపడుతుంది. రెండో సీజన్ జోలికి మాత్రం వెళ్లను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. చాలామంది ఆసుపత్రి దగ్గరే ఆగిపోయి ‘జోయెల్ చేసింది న్యాయమా’ అని వాదించుకుంటారు. ఈ ఎపిసోడ్ మాత్రం ఆసుపత్రి గురించి కాదని నా నమ్మకం. ఇది అబద్ధం గురించి. ఒక అబద్ధంతో మొదలై ఇంకో అబద్ధంతో ముగుస్తుంది. రెండూ ఎల్లీ గురించే. రెండూ ఆమెని ప్రాణంగా చూసుకున్నవాళ్లు చెప్పినవే. మధ్యలోని కాల్పులని పక్కన పెట్టి, ఆ రెండు అబద్ధాల మధ్య తేడా గట్టిగా పట్టుకుంటే మీ నాలుగు ప్రశ్నలకీ దారి దొరుకుతుంది.

చూడనివాళ్ల కోసం రెండు మాటలు. 2003లో ఒక శిలీంధ్రం మనుషుల మెదళ్లకి సోకి, సోకినవాళ్లు మిగతావాళ్లని కరిచి జబ్బు అంటిస్తూ, లోకం కూలిపోతుంది. ఆ మొదటి రాత్రే జోయెల్ కూతురు సారా ఒక సైనికుడి తూటాకి అతని చేతుల్లోనే పోతుంది. ఇరవై ఏళ్ల తర్వాత, ఆ జబ్బు సోకినా ఏమీ కాని పద్నాలుగేళ్ల ఎల్లీని దేశం ఆ చివర ఉన్న ‘ఫైర్‌ఫ్లైస్’ అనే తిరుగుబాటు దళానికి చేర్చే పని అతని నెత్తిన పడుతుంది. బోస్టన్‌లో మొదలైన ప్రయాణం సాల్ట్ లేక్ సిటీలో ముగుస్తుంది. హెచ్‌బీవోలో 2023 మార్చి 12న వచ్చిన తొమ్మిదో ఎపిసోడ్ ఇది. రాసింది క్రెయిగ్ మేజిన్, గేమ్ సృష్టికర్త నీల్ డ్రక్‌మన్. దర్శకుడు అలీ అబ్బాసీ. మొదటి ఎపిసోడ్ దాదాపు 80 నిమిషాలుంటే ఇది ముప్పావు గంటకి అటూ ఇటూ, ఆ సీజన్‌లో అన్నిటికన్నా చిన్నది. మా రంగంలో ఫైనల్ ఎపిసోడ్ అనగానే నిడివి పెంచమంటారు. వీళ్లు తగ్గించారు. ఆ ధైర్యం వెనక కారణం ఏమిటో కింద చెబుతాను.

ఇక మొదటి అబద్ధం. ఎపిసోడ్ మొదలవగానే నిండు చూలాలు ఒకామె అడవిలోంచి పరుగెత్తుకుంటూ ఒక పాడుబడ్డ ఇంట్లోకి వస్తుంది. పేరు ఆనా, ఎల్లీ తల్లి. నొప్పులు మొదలయ్యాయి, వెనక జబ్బు మనిషి తరుముతోంది. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి పైగదిలో దాక్కుంటుంది. ఆ మనిషి తలుపు బద్దలు కొట్టుకుని మీద పడే క్షణానికీ బిడ్డ పుట్టే క్షణానికీ తేడా లేదు. కత్తితో పొడిచి చంపుతుంది గానీ అప్పటికే తొడ మీద కాటు పడింది. బొడ్డుతాడు ఇంకా తెగలేదు. కాటు చూసుకుని, ఒక్క క్షణంలో విషయం అర్థమై, అదే కత్తితో తాడు కోసేస్తుంది. చీకటిపడ్డాక ఫైర్‌ఫ్లైస్ నాయకురాలు, ఆమె ప్రాణస్నేహితురాలు మార్లీన్ వచ్చినప్పుడు ఆనా చెప్పే మాట: కాటు పడకముందే తాడు కోసేశాను.

అది పచ్చి అబద్ధం. మనం కళ్లారా చూశాం. నిజం చెబితే ఆ రోజు ఆ బిడ్డ బతికేది కాదు. ఆ లోకంలో జబ్బు సోకినవాళ్లకి వేసే శిక్ష ఒక్కటే. ఆనా బిడ్డని మార్లీన్ చేతిలో పెట్టి, తన కత్తి ఇచ్చి, తనని చంపేయమని అడుగుతుంది. మార్లీన్ ముందు కుదరదంటుంది, బయటికి వెళ్తుంది, బిడ్డని పక్కవాడికి ఇచ్చి తిరిగొచ్చి కాలుస్తుంది. గేమ్‌లో ఈ సన్నివేశం లేదు. అక్కడ ఆనా మనకి ఒక ఉత్తరంగానే తెలుస్తుంది. సిరీస్‌కోసం దీన్ని కలపడమే కాకుండా, సరిగ్గా చివరి ఎపిసోడ్ మొదట్లో పెట్టారు. ఆనాగా వేసింది యాష్లీ జాన్సన్. గేమ్‌లో ఎల్లీకి గొంతూ కదలికలూ ఇచ్చిన నటి ఆమే. అంటే ఒక ఎల్లీ ఇంకో ఎల్లీని కన్నది. మార్లీన్‌గా వేసిన మెర్ల్ డాండ్రిడ్జ్ గేమ్‌లోనూ మార్లీనే. గేమ్ ఆడినవాళ్లకి ఆ గదిలో ఆ ఇద్దరినీ చూడగానే గొంతు పూడుకుపోయింది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు బొంకితే పాపం లేదని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన మాట మనకి చిన్నప్పటినుంచీ తెలుసు. ఆనా అబద్ధం నూటికి నూరుపాళ్లు ఆ మినహాయింపులోకి వస్తుంది. ఒక ప్రాణం ఆ మాట మీద వేలాడుతోంది. చెప్పేదానికి అందులో స్వార్థం లేదు, ఎందుకంటే ఇంకో గంటలో ఆమె ఉండదు. ఈ కొలత గుర్తుపెట్టుకోండి. చివర్లో జోయెల్ చెప్పే అబద్ధాన్ని ఇదే తక్కెడలో తూస్తాను.

తర్వాతి పావుగంటని చాలామంది ‘స్లోగా ఉంది’ అని దాటేస్తారు. నాకు మాత్రం ఎపిసోడ్ అంతటిలో అక్కడే పనితనం కనిపిస్తుంది. ముందు ఎపిసోడ్‌లో డేవిడ్ అనే దుర్మార్గుడి చేతిలో ఎల్లీ పడ్డ నరకం తర్వాత ఆమె నోరు మూతపడిపోయింది. ఎనిమిది ఎపిసోడ్లు వాగుడుకాయలా ఉన్న పిల్ల పలకదు, పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా తల తిప్పుతుంది. ఎనిమిది ఎపిసోడ్లు పెదవి విప్పని జోయెల్ ఇప్పుడు ఆపకుండా మాట్లాడుతుంటాడు. డబ్బా తిండి దొరికిందని సంబరపడతాడు, గిటార్ నేర్పుతానంటాడు. ఇద్దరి స్వభావాలూ తారుమారయ్యాయి. జోయెల్‌కి ఇప్పుడు కూతురు ఉంది, అందుకే మాటలొచ్చాయి. ఎల్లీకి ఇప్పుడు భారం ఉంది, అందుకే మాటలు పోయాయి. ఈ తేడా ఎవరూ డైలాగ్‌లో చెప్పరు. రియాక్షన్ షాట్లు ఎంతసేపు ఉంచారో చూడండి, అంతా అక్కడే ఉంటుంది.

పాడుబడ్డ భవనం మీద జిరాఫీకి ఆకులు తినిపించే సన్నివేశం మీకూ నచ్చిందన్నారు. అది కంప్యూటర్ బొమ్మ కాదు, కెనడాలోని కాల్గరీ జూలో నిజం జిరాఫీతో తీశారు. ఎల్లీ మొహంలో పాత నవ్వు అక్కడే తిరిగి వస్తుంది. సరిగ్గా అప్పుడే జోయెల్ వెనక్కి పోదామంటాడు, తమ్ముడు టామీ ఉన్న ఊరికి. ఎల్లీ ఒప్పుకోదు. ఇంత అనుభవించి, ఇంత చేసి, ఇదంతా ఊరికే పోకూడదు అంటుంది. పని అయ్యాక నువ్వెక్కడికంటే అక్కడికి వస్తానంటుంది. ఈ మాటలు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆసుపత్రిలో ఎల్లీని ఎవరూ ఏమీ అడగరు. ఆమె తన మనసు చెప్పుకున్నది ఈ ఒక్కచోటే.

ఆ వెంటనే జోయెల్ తన కణత మీది మచ్చ గురించి చెబుతాడు. సారా పోయాక తుపాకీ తనవైపే తిప్పుకున్నాడు, ఆఖరి క్షణంలో అదిరిపడి గురి తప్పింది. కాలం గాయాలు మాన్పిందన్నమాట అని ఎల్లీ అంటే, మాన్పింది కాలం కాదు అంటాడు ఆమెనే చూస్తూ. జోయెల్‌గా వేసిన పెడ్రో పాస్కల్ ఆ ఒక్క వాక్యాన్ని గొంతు పెంచకుండా చెప్పాడు. కథలో ప్రేమ ప్రకటన అది. ఇంకో పది నిమిషాల తర్వాత జరిగే హత్యాకాండకి కారణం కూడా అదే వాక్యం. ఒక మనిషిని చావు నుంచి బతుకులోకి లాగిన పిల్లని తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెడితే అతను ఏం చేస్తాడన్నది ఇక్కడే తేలిపోయింది. అందుకే ఆసుపత్రిలో అతను ఆలోచిస్తున్నట్టు ఒక్క షాట్ కూడా లేదు.

ఇప్పుడు ఫైర్‌ఫ్లైస్ ఆసుపత్రి. ఎల్లీ పుట్టినప్పటి నుంచీ ఆ శిలీంధ్రం ఆమెతో పాటే పెరిగిందని, అది విడుదల చేసే ఒక రసాయన సంకేతం వల్ల బయటి శిలీంధ్రం ఆమెని తనదే అనుకుని వదిలేస్తోందని డాక్టర్ సిద్ధాంతం. దాన్ని బయటికి తీసి ల్యాబ్‌లో పెంచితే అందరికీ మందు. కానీ అది పెరిగేది మెదడులో. తీస్తే పిల్ల బతకదు. మార్లీన్ ఇది చెప్పిన క్షణం నుంచి జోయెల్ మనిషిలా కాక యంత్రంలా కదులుతాడు.

గేమ్‌లో ఈ భాగం ఆడినప్పుడు నాకు జరిగింది చెప్పాలి. ఆపరేషన్ గదిలోకి వెళ్లాక డాక్టర్ చిన్న కత్తి పట్టుకుని అడ్డంగా నిలబడతాడు. అతన్ని చంపితే తప్ప కథ ముందుకి కదలదు. నేను చాలాసేపు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఇంకో దారి ఉంటుందేమో అని గది నాలుగు మూలలూ తిరిగాను. లేదు. చివరికి మీట నొక్కింది నా వేలే. ఆ తప్పులో నాకూ వాటా ఇచ్చింది గేమ్. టీవీలో ఆ సదుపాయం లేదు, చూసేవాడి చేతిలో ఏమీ ఉండదు. మరి అదే బరువు ఎలా తేవాలి?

వాళ్లు చేసింది ఇది. తుపాకీ మోతలు తగ్గించేశారు. కేకలు దూరం నుంచి వస్తున్నట్టు మిక్స్ చేశారు. సంగీత దర్శకుడు గుస్తావో సంతవొలాయా సంగీతాన్ని మీదికి తెచ్చారు, అదీ విషాదంగా, హీరోయిజం ఎక్కడా లేకుండా. ఆయుధం పడేసి చేతులెత్తినవాడిని కూడా జోయెల్ కాల్చేస్తాడు, మనకి ఆ చప్పుడు సరిగా వినిపించదు. యాక్షన్ సీన్ కట్ చేసేటప్పుడు ప్రతి తూటాకీ ఒక దెబ్బ పడేలా చూస్తాం, చూసేవాడికి ఊపు రావాలని. ఇక్కడ ఆ ఊపుని కావాలని పీకేశారు. గెలుపు అనిపించకూడదు, తప్పు అని కూడా వేలెత్తి చూపకూడదు. నీళ్లలో మునిగి చూస్తున్నట్టు ఉంటుంది. డాక్టర్‌ని కాల్చే షాట్ అయితే కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది, పక్కన నిలబడ్డ నర్సుల మొహాలు మిగులుతాయి. తర్వాత జోయెల్ ఎల్లీని ఎత్తుకుని నడుస్తాడు. మొదటి ఎపిసోడ్‌లో సారాని ఎత్తుకుని పరుగెత్తిన తండ్రే ఇతను. ఆ రాత్రి ఒక సైనికుడు ఎదురై కాల్చాడు. ఈసారి ఎదురైనవాళ్లందరినీ ఇతనే కాల్చాడు.

మందు తయారయ్యేదా అన్న మీ రెండో ప్రశ్న. నిజ జీవితంలో మాట్లాడుకుంటే అనుమానించడానికి బోలెడు కారణాలున్నాయి. శిలీంధ్ర కణాల నిర్మాణం మన కణాలకి దగ్గరగా ఉంటుంది, అందుకే మనకి హాని చేయకుండా దాన్ని చంపే మందు దొరకడం కష్టం. మనుషులకి వచ్చే ఏ శిలీంధ్ర వ్యాధికీ ఈ రోజు వరకూ ఆమోదం పొందిన టీకా ఒక్కటి కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శిలీంధ్రాల్లో అత్యంత ప్రమాదకరమైన 19 రకాల జాబితాని మొదటిసారి ప్రకటించింది 2022 అక్టోబరులో, అంటే ఈ సిరీస్ మొదలవడానికి మూడు నెలల ముందు. సిరీస్ కూడా ఈ సంగతి దాచలేదు. మొదటి ఎపిసోడ్ తొలి దృశ్యంలో 1968 నాటి టీవీ చర్చలో శాస్త్రవేత్త, శిలీంధ్రం మనిషికి సోకేలా మారితే చికిత్స ఉండదు అంటాడు. రెండో ఎపిసోడ్‌లో జకార్తా ప్రొఫెసర్ మందూ లేదు, టీకా లేదు, ఊరి మీద బాంబు వేయండి అని ఏడుస్తుంది. పైగా లోకంలో ఉన్న ఒకే ఒక్క రోగనిరోధక మనిషిని వచ్చిన రోజే చంపేయడం ఏ డాక్టర్ చేసే పనీ కాదు. ముందు రక్తం, వెన్నునీరు తీసుకుని నెలలు పరీక్షిస్తారు.

ఇదంతా నిజమే. కానీ ఈ వాదనతో జోయెల్‌ని కాపాడాలని చూడకండి. అతను ఈ మాటల్లో ఒక్కటీ అనడు. ‘ఇది పనిచేయదు’ అనడు. ‘ఇంకెవరినైనా వెతుక్కోండి’ అంటాడు. అంటే మందు వస్తుందనే అతని నమ్మకం. వచ్చినా సరే, ఈ పిల్ల ప్రాణం ఇచ్చి అక్కర్లేదన్నది అతని నిర్ణయం. మందు రాదు అనుకుంటే కథ తేలికైపోతుంది, కొందరు మూర్ఖుల నుంచి పిల్లని రక్షించిన వీరుడు మిగులుతాడు. రాసినవాళ్లు ఆ తేలిక దారి మూసేశారు. చూసేటప్పుడు మనమూ మూసుకోవాలి.

మార్లీన్ పక్షాన కూడా రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం. ఆనాకి ఇచ్చిన మాట నిలబెట్టుకుని ఆ పిల్లని కాపాడింది ఆమే. ఇప్పుడు ఆ పిల్లనే బలివ్వడానికి ఒప్పుకుంటోంది, ఏడుస్తూనే. ఎల్లీకి భయం తెలియకూడదని మత్తిచ్చి, చెప్పకుండా పడుకోబెట్టింది. దయ అనుకుంది. కానీ అడగలేదు. జిరాఫీ దగ్గర ఎల్లీ చెప్పిన మాట మనం విన్నాం, ఆమెని అడిగి ఉంటే బహుశా ఒప్పుకునేది. అడిగితే కాదంటుందేమో అన్న భయం మార్లీన్‌కి. అడిగితే ఔనంటుందేమో అన్న భయం జోయెల్‌కి. ఇద్దరూ అడగలేదు. ఒకరు లోకం పేరు చెప్పి, ఇంకొకరు ప్రేమ పేరు చెప్పి, పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో ఉండాల్సిన నిర్ణయాన్ని లాక్కున్నారు.

ఇక నా వృత్తికి దగ్గరైన సన్నివేశం. గ్యారేజీలో మార్లీన్ తుపాకీ గురిపెట్టి జోయెల్‌ని ఆపుతుంది. ఏం జరిగిందో చూపకుండా కట్. కారు. వెనక సీట్లో ఆసుపత్రి గౌనులో ఎల్లీ కళ్లు తెరుస్తుంది. ఏమైంది అని అడుగుతుంది. జోయెల్ రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పకుండా అబద్ధం మొదలుపెడతాడు. ఆ అబద్ధం వాక్యాల మధ్య గ్యారేజీలో జరిగిన నిజం ముక్కలు ముక్కలుగా వస్తుంది. మార్లీన్ బాగానే ఉందా అని ఎల్లీ అడిగినదానికి జవాబు అతని నోటి నుంచి కాదు, కట్‌లో వస్తుంది. ప్రాణాలు అడుక్కుంటున్న మార్లీన్, ఎలాగైనా ఆమె కోసం మళ్లీ వస్తావు అని జోయెల్, తూటా. మామూలుగా రెండు దృశ్యాలని అల్లినప్పుడు ఒకటి ఇంకోదాన్ని వివరిస్తుంది. ఇక్కడ ఒకటి ఇంకోదాన్ని కాదంటుంది. వినేది అబద్ధం, చూసేది నిజం. సూటిగా వరుసలో కట్ చేసి ఉంటే మార్లీన్ చావు ఆసుపత్రి హత్యల్లో ఆఖరిది అయ్యేది. ఇలా అల్లడంతో అది అబద్ధంలో మొదటి భాగమైంది.

ఆ అబద్ధంలో ఏముందో మళ్లీ వినండి. నీలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, డజన్ల కొద్దీ. వాళ్ల వల్ల డాక్టర్లకి ఏ ఉపయోగమూ లేకపోయింది. మందు వెతకడం మానేశారు. దొంగలు దాడి చేస్తే నిన్ను తీసుకుని బయటపడ్డాను. హత్యలు దాచడానికి చివరి ముక్క ఒక్కటీ చాలు. మిగతావి ఎందుకు? అవి ఎల్లీ ఇంకెప్పుడూ వెనక్కి తిరిగి చూడకుండా ఉండటానికి. నువ్వు ప్రత్యేకం కాదు, నీ రక్తంలో ఏమీ లేదు, నువ్వు చేయగలిగింది లేదు అని చెప్పాడు. ఈ పిల్ల బతుకుని మోస్తున్నది ఒకే ఒక్క ఆశ: నా చుట్టూ ఇందరు పోయినా నేను మిగిలానంటే దానికో అర్థం ఉండాలి. ఆ అర్థాన్ని అతను కారు నడుపుతూ, సీటు వెనక్కి తిరగకుండా తీసేశాడు.

ఇప్పుడు తక్కెడ తీస్తాను. ఆనా బొంకినప్పుడు బిడ్డ ప్రాణం ఆ మాట మీద ఆధారపడి ఉంది. జోయెల్ బొంకేటప్పటికి ఎల్లీ ప్రాణం దక్కేసింది. ఆమెని చంపగలిగినవాళ్లు వెనక ఆసుపత్రిలో చచ్చి పడి ఉన్నారు. ఆ కారులో ప్రమాదంలో ఉన్నది ఎల్లీ ప్రాణం కాదు, ఎల్లీకి జోయెల్ మీదున్న నమ్మకం. అతను కాపాడుకున్నది దాన్ని. అంటే తనని. ప్రాణరక్షణకి ఉన్న మినహాయింపు ఇక్కడ చెల్లదు. మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదే: ఆసుపత్రిలో చేసిన పనిని నేను సమర్థించలేను గానీ అర్థం చేసుకోగలను, ఆ స్థానంలో ఉన్న ఏ తండ్రినీ నిలదీసే ధైర్యం నాకు లేదు. ఆ అబద్ధాన్ని మాత్రం తప్పు అని నిస్సంకోచంగా అంటాను. నిజం చెప్పి ఉంటే ఎల్లీ అతన్ని అసహ్యించుకునేది, బహుశా వదిలి వెళ్లేది. ఆ శిక్ష భరించడం అతను చెల్లించాల్సిన వెల. చెల్లించకుండా తప్పుకున్నాడు.

చివరి దృశ్యం. కారు ఆగిపోయింది, నడక. టామీ ఉండే జాక్సన్ దూరంగా కనిపిస్తోంది. దారంతా జోయెల్ సారా గురించి హాయిగా మాట్లాడుతున్నాడు, మీ ఇద్దరికీ స్నేహం కుదిరేది అంటాడు. ఇరవై ఏళ్లు ఆ పేరు పలకలేని మనిషి! అప్పుడు ఎల్లీ ఆగి, తన ప్రాణస్నేహితురాలు రైలీ గురించి చెబుతుంది. జబ్బు మనిషి ఇద్దరినీ ఒకేసారి కరిచింది, రైలీ పోయింది, తను మిగిలింది. తర్వాత ప్రయాణంలో తోడున్న టెస్, తర్వాత శామ్ పోయారు. జోయెల్ ఏదో ఓదార్పు చెప్పబోతే ఆపేస్తుంది. ఫైర్‌ఫ్లైస్ గురించి నువ్వు చెప్పిందంతా నిజమేనని ఒట్టు వేయమంటుంది. వేస్తాడు. ఎంత తేలిగ్గా వేస్తాడో చూడండి, కనురెప్ప వాల్చడు.

నమ్మిందా? నా దృష్టిలో నమ్మలేదు. నమ్మినవాళ్లు ఒట్టు అడగరు. రైలీ సంగతి చెప్పింది ఊరికే కాదు. నాకు ఇది ఎంత ముఖ్యమో చెబుతున్నాను, ఇప్పుడైనా నిజం చెప్పు అని అతనికి ఇచ్చిన ఆఖరి అవకాశం అది. అతను దాన్ని వదులుకున్నాడు. ఎల్లీగా వేసిన బెల్లా రామ్సే మొహాన్ని కెమెరా ఎంతసేపు పట్టుకుందో గమనించండి. కళ్లు అతని మొహమంతా వెతుకుతాయి. కింది పెదవి కదలబోయి ఆగుతుంది. ‘ఓకే’ అన్న మాటకి ముందు ఉన్న ఆ విరామంలో ఆమె మనసులో లెక్క పూర్తవుతుంది: ఇతను అబద్ధం చెబుతున్నాడు, అయినా నాకు ఇంకెవరూ లేరు. ఎపిసోడ్ మొత్తంలో ఎవరూ ఆమెకి ఇవ్వని నిర్ణయాన్ని ఆ క్షణంలో తనే తీసుకుంటుంది, నమ్మినట్టు ఉండాలని. అది క్షమ కాదు, ఒప్పందం. ఇంకోలా చదివేవాళ్లూ ఉన్నారు, పాపం పిల్ల నమ్మాలని గట్టిగా అనుకుని నమ్మేసింది అని. ఆ పఠనాన్ని తప్పు అనను, కానీ ఆ కళ్లు నాకు అలా కనిపించలేదు.

ఇక తెర ఎందుకు నల్లబడింది. ఫైనల్స్‌ని అర్ధాంతరంగా ఆపే అలవాటు ఈ జాతి సీరియల్స్‌కి ఉంది. ‘ది వాకింగ్ డెడ్’ ఆరో సీజన్ 2016 ఏప్రిల్ 3న ముగిసినప్పుడు, ప్రధాన పాత్రలని మోకాళ్ల మీద వరుసగా కూర్చోబెట్టి, విలన్ బ్యాటుతో ఒకరిని కొట్టి, ఎవరిని కొట్టాడో చూపకుండా ఆపేశారు. జవాబు అక్టోబరు 23న, ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో వచ్చింది. ఆరున్నర నెలలు జనం తిట్టుకున్నారు. తిట్టుకోవడం సబబే. అక్కడ ఏం జరిగిందో పాత్రలన్నిటికీ తెలుసు, తెలియనిది మనకే. కథలో లేని ఖాళీని మన కోసం తవ్వారు.

ఈ ముగింపు దానికి పూర్తిగా తిరగేసినది. మన దగ్గర ఏమీ దాచలేదు. ఎవరు చచ్చారు, ఎవరు చంపారు, ఏ మాట అబద్ధం, అన్నీ మనకి తెలుసు. తెలియనిది ఎల్లీకి ఒక్కదానికే. అందుకే ఆ ఆఖరి క్లోజప్‌లో మనం ఏమవుతుందో అని ఎదురుచూడం. చెప్పేయ్ అని జోయెల్ మీద అరవాలనిపిస్తుంది. ఇంకో పది నిమిషాలు ఉంటే ఏం చూపాలి? జాక్సన్‌లో స్వాగతమా, భోజనమా? ప్రశ్న అడిగారు, ఒట్టు వేశారు, ఒప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చే ప్రతి షాటూ ఆ ‘ఓకే’ని పలచన చేస్తుంది. నేనే ఎడిటర్‌నైతే ఆ మాట తర్వాత ఇంకో పన్నెండు ఫ్రేములు ఉంచాలా వద్దా అని ఒక రాత్రంతా కొట్టుకునేవాణ్ని, అంతకు మించి ఒక్క ఫ్రేమ్ కలిపేవాణ్ని కాదు. గేమ్ కూడా 2013లో అక్కడే, అదే మాట మీద ఆగింది. పదేళ్లలో ఎన్నో మార్చినవాళ్లు, జబ్బు మొదలైన సంవత్సరాన్నే 2013 నుంచి 2003కి జరిపినవాళ్లు, ఆ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. నిడివి తగ్గించే ధైర్యం వాళ్లకి వచ్చింది కూడా ఇక్కడినుంచే. చేరాల్సిన చోటు ఇంత కచ్చితంగా తెలిస్తే మధ్యలో నింపడానికి ఏమీ అక్కర్లేదు.

ఇంకొక సంగతి, మీరు అడగకపోయినా. మొదటి ఎపిసోడ్ పేరూ ఈ ఎపిసోడ్ పేరూ కలిపి చదవండి. ‘వెన్ యూర్ లాస్ట్ ఇన్ ద డార్క్‌నెస్’, ‘లుక్ ఫర్ ద లైట్’. చీకట్లో దారి తప్పితే వెలుగు కోసం చూడు అన్నది ఫైర్‌ఫ్లైస్ నినాదం, గోడల మీద రాసి ఉంటుంది. ఆ నినాదం రాసినవాళ్లని చంపి, దాన్ని తనదైన అర్థంలో పాటించినవాడు జోయెల్. అతని వెలుగు ఆ పిల్ల ఒక్కతే.

రెండో సీజన్ 2025 ఏప్రిల్ 13న మొదలైంది, ఏడు ఎపిసోడ్లు. అది మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. మొదటి ఎపిసోడ్‌లో సారా పోయే భాగం చూసి, వెంటనే ఈ చివరి ఎపిసోడ్‌ని ఆసుపత్రి నుంచి ఆఖరి వరకూ చూడండి. కారు సన్నివేశం వచ్చినప్పుడు సౌండ్ ఆపేయండి, జోయెల్ మెడ, అద్దంలో అతని కళ్లు, వెనక సీట్లో గోడవైపు తిరిగినట్టు ముడుచుకుని పడుకున్న ఎల్లీ వీపు మాత్రమే చూడండి. కొండ మీదికి వచ్చేసరికి సౌండ్ మళ్లీ పెట్టుకోండి, ఆ విరామం ఎంతసేపుందో మీరే లెక్కపెట్టుకోవచ్చు.